‘హావ్’ చేరిన వాక్యం: జరిగినదా, జరగవలసినదా?

‘కెన్’, ‘షల్’, ‘విల్’, ‘మే’, ‘మస్ట్’ మొదలైన ఆంగ్ల సహాయక క్రియలు మన విద్యార్థులకు ఉన్నత పాఠశాల నాటి నుండి సుపరిచితాలే. శక్తి, అనుమతి, విధి, సంభావ్యత అని వాటి అర్థాలను వల్లె వేయనివారు అరుదు. అయితే ఈ క్రియల వెనుక ‘హావ్’ అన్న మాటా, దానిని అనుసరించి మరొక క్రియ యొక్క మూడవ రూపమూ వచ్చి చేరగానే ఆ పరిచయం కాస్తా సడలిపోతుంది. ‘హి మస్ట్ హావ్ కమ్’, ‘హి షుడ్ హావ్ కమ్’, ‘హి నీడ్ నాట్ హావ్ కమ్’ అనే మూడు వాక్యాలను పరిశీలించండి. మొదటి దానిలో అతడు వచ్చాడని వక్త నిశ్చయంగా ఊహిస్తున్నాడు. కాని కంటితో చూడలేదు. రెండవ దానిలో అతడు రాలేదు. రాకపోవడం తగదని వక్త అభిప్రాయం. మూడవ దానిలో అతడు వచ్చాడు. ఆ రాక అనవసరమైనది. మారినది ఒక్క మాట. దానితో జరిగిన పని జరగనిదవుతున్నది, ఊహించినది తెలిసినదవుతున్నది. ఇట్టి వాక్యం ఒక విన్నపంలోనో, నివేదికలోనో, వాంగ్మూలంలోనో పడినప్పుడు పర్యవసానం పరీక్షలో పోయే మార్కుతో ఆగదు. కనుక ఈ నిర్మాణాన్ని గురించి కొంత వివరంగా విచారించడం అవసరం.

మన కళాశాల విద్యార్థులలో కొందరి మాతృభాష తెలుగు, కొందరిది ఉర్దూ. ఈ రెండు భాషలలోనూ పై భేదాలన్నీ సూక్ష్మంగా, స్పష్టంగా ఉన్నాయి. ఆంగ్ల సూత్రాన్ని కంఠస్థం చేయడానికి ముందు తన ఇంటి భాషలో ఆ మాటను ఎలా అంటామో ఆలోచించుకొన్న విద్యార్థి సగం దారి నడిచినట్లే. మిగిలిన సగంలోనే ప్రమాదాలున్నాయి. వాటి సంగతి ముందు ముందు చూతము.

మొదట నిర్మాణం. సహాయక క్రియ, దాని తరువాత ‘హావ్’, దాని తరువాత ప్రధాన క్రియ మూడవ రూపం. కర్త ఎవరైనా ‘హావ్’ మారదు. ‘షి మస్ట్ హాజ్ గాన్’, ‘హి వుడ్ హాడ్ గాన్’ అనేవి అసాధువులు. సహాయక క్రియ పక్కన ఎప్పుడూ ధాతువే నిలుస్తుంది. ఆ స్థానంలో నిలిచిన ‘హావ్’ కూడా ధాతువే కాబట్టి దానికి లింగవచనాల బాధ లేదు. సంభాషణలో ఈ ‘హావ్’ కుదించుకొనిపోయి ‘కుడవ్’, ‘షుడవ్’ వంటి ధ్వనిగా మిగులుతుంది. ఈ ధ్వనిని బట్టి ‘షుడ్ ఆఫ్’, ‘కుడ్ ఆఫ్’ అని తప్పుగా వ్రాసేవారు ఆంగ్లం మాతృభాషగా గలవారిలోనే ఎక్కువ. మనవారు ఈ తప్పు సాధారణంగా చేయరు. మనం ఈ భాషను చెవితో కంటె కంటితో ముందుగా నేర్చుకొంటాము కనుక. పరభాషను పుస్తకం ద్వారా నేర్చుకోవడంలో ఉన్న లాభాలలో ఇదొకటి!

ఇంతకూ భూతకాలాన్ని తెలపడానికి ‘హావ్’ ఎందుకు కావలసివచ్చింది? ఇందుకు చరిత్రలో సమాధానం ఉన్నది. ‘కుడ్’, ‘షుడ్’, ‘మైట్’, ‘వుడ్’ అనేవి ఒకప్పుడు ‘కెన్’, ‘షల్’, ‘మే’, ‘విల్’ అనే వాటి భూతకాల రూపాలు. కాలక్రమంలో ఇవి మర్యాదను, సందేహాన్ని, షరతును తెలిపే స్వతంత్ర పదాలై వర్తమానంలోనూ వాడుకకు వచ్చాయి. ‘మస్ట్’ కథ మరీ విచిత్రం. అది ప్రాచీనాంగ్లంలో భూతకాల రూపమే. దాని వర్తమాన రూపం లోపించిపోగా, భూతరూపమే వర్తమానం స్థానాన్ని ఆక్రమించింది. ‘ఆట్ టు’ కూడా అట్టిదే. ఈ విధంగా భూతకాలాన్ని సూచించవలసిన రూపాలు ఆ పనిని విడిచిపెట్టగా, ఆ భారాన్ని వాక్యంలో మరెవరో మోయవలసి వచ్చింది. ఆ మోసేదే ‘హావ్’. కనుక ‘హావ్’ చెప్పేది సాధారణంగా ఒక్కటే: ప్రస్తావించిన పని వెనుకటిది. ఆ పని జరిగిందా, లేదా, వక్తకు తెలుసా, తెలియదా అన్న సంగతులు ముందున్న సహాయక క్రియను బట్టి తేలుతాయి.

ఇక్కడనే మన విద్యార్థి మొదటిసారి తడబడతాడు. ‘మస్ట్’ అంటే ‘తప్పక చేయవలె’ అని అతనికి తెలుసు. ‘హావ్’ చేరిస్తే భూతకాలమని విన్నాడు. రెండూ కలిపి ‘నిన్న జ్వరం తీవ్రమై ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది’ అనడానికి ‘ఐ మస్ట్ హావ్ గాన్ టు ది హాస్పిటల్’ అని సెలవు చీటీలో వ్రాస్తాడు. దానిని చదివిన అధ్యాపకునికి స్ఫురించే అర్థం వేరు: ‘నేను ఆసుపత్రికి వెళ్ళే ఉంటాను, నాకు గుర్తు లేదు’ అని! విధిని తెలిపే ‘మస్ట్’కు భూతకాలం కావలసినప్పుడు ఆంగ్లేయుడు ‘హాడ్ టు’ను ఆశ్రయిస్తాడు. ‘ఐ హాడ్ టు గో’ అనడమే సరి.

తెలుగులో మూడు రూపాలను వరుసగా పెట్టి చూస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది. ‘వెళ్ళవలసి వచ్చింది’ అంటే వెళ్ళాడు, బలవంతం మీద. ‘వెళ్ళవలసింది’ అంటే వెళ్ళలేదు, వెళ్ళి ఉంటే బాగుండేది. ‘వెళ్ళి ఉండాలి’ అంటే వెళ్ళాడనే మన ఊహ. ఉర్దూలో ఇవే ‘జానా పడా’, ‘జానా చాహియే థా’, ‘జరూర్ గయా హోగా’ అవుతాయి. ఆంగ్లంలో క్రమంగా ‘హాడ్ టు గో’, ‘షుడ్ హావ్ గాన్’, ‘మస్ట్ హావ్ గాన్’. తెలుగు బాలుడెవడూ ‘వెళ్ళవలసి వచ్చింది’ అనవలసిన చోట ‘వెళ్ళి ఉండాలి’ అనడు. ఆ వివేకాన్ని ఆంగ్లంలోకి వెంట తీసుకొనిపోవడమే అతడు చేయవలసిన పని.

‘షుడ్ హావ్’ విషయానికి వస్తే, ఇది పశ్చాత్తాపానికీ నిందకూ పుట్టినిల్లు. పని జరగలేదన్నది అందులో ఇమిడి ఉన్న సంగతి. ‘నాట్’ చేరిస్తే తలక్రిందులై, పని జరిగిందని అర్థం. మన నగరపు దక్కనీలో దీనిని ‘బోల్నా థా’ అని రెండు ముక్కలలో తేల్చివేస్తారు. ‘ముందే చెప్పాల్సింది కదా’ అన్న ఎత్తిపొడుపు అంతా అందులో ఉన్నది. ఈ ఎత్తిపొడుపును మరచిపోయి ఉన్నతాధికారికి వ్రాసే లేఖలో ‘యూ షుడ్ హావ్ ఇన్‌ఫార్మ్‌డ్ మీ’ అని వ్రాస్తే, సమాచారం అందలేదని విన్నవించుకొన్నట్లు కాదు. మీరు కర్తవ్యాన్ని విస్మరించారని ఆక్షేపించినట్లు. ‘నాకు సమాచారం అందలేదు’ అని చెప్పదలచినవాడు ఆ మాటనే సూటిగా వ్రాయడం క్షేమం.

దీనికి ఒక అపవాదం ఉన్నది. ‘ది లెటర్ షుడ్ హావ్ రీచ్డ్ హిమ్ బై నౌ’ అన్న వాక్యంలో నింద లేదు, ఉత్తరం చేరలేదన్న నిశ్చయమూ లేదు. ‘ఈపాటికి చేరి ఉండాలి’ అన్న నిరీక్షణ మాత్రమే ఉన్నది. ‘బై నౌ’ వంటి కాలసూచకం వెంట ఉన్నప్పుడు ఈ అర్థాన్ని ముందుగా తలచుకోవాలి.

‘కుడ్ హావ్’కు రెండు ముఖాలు. ‘హి కుడ్ హావ్ పాస్డ్’ అంటే ఉత్తీర్ణుడు కాగల శక్తి అతనికి ఉన్నది, కాని కాలేదు అని సాధారణార్థం. ‘ఎంతో శ్రమపడి ఉత్తీర్ణుడు కాగలిగాడు’ అని మెచ్చుకోదలచి ఈ వాక్యాన్ని యోగ్యతాపత్రంలో వ్రాసినట్లయితే ఆ విద్యార్థిని చేజేతులా తప్పించినట్లే అవుతుంది. అక్కడ ‘వాజ్ ఏబుల్ టు పాస్’ అనాలి. ఇక రెండవ ముఖం సంభావ్యత: ‘ఎనీవన్ కుడ్ హావ్ టేకెన్ ది బుక్’, అనగా పుస్తకాన్ని ఎవరైనా తీసి ఉండవచ్చు. ఉర్దూలోని ‘లే సక్తా థా’ మొదటి అర్థానికి చక్కగా సరిపోతుంది. రెండవ అర్థానికి ‘లియా హో సక్తా హై’ అనవలసి ఉంటుంది.

‘నీడ్ నాట్ హావ్’ అంతగా వాడుకలో లేకపోయినా ఎంతో పొదుపైన ప్రయోగం. రుసుము మాఫీ అయిన సంగతి తెలియక దానిని చెల్లించిన విద్యార్థితో ‘యూ నీడ్ నాట్ హావ్ పెయిడ్’ అంటే, నీవు చెల్లించావు, కాని అక్కర లేదు అని రెండు విషయాలూ ఒకేసారి చెప్పినట్లు. ‘యూ డిడ్ నాట్ నీడ్ టు పే’ అంటే అక్కర లేదన్నది మాత్రమే తెలుస్తుంది. చెల్లించాడో లేదో తెలియదు. ఉర్దూలో ‘దేనే కీ జరూరత్ నహీఁ థీ’ అన్న మాట ఈ రెండింటికీ చెల్లుతుంది గనుక, ఉర్దూ నుండి ఆంగ్లంలోకి మార్చేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, డబ్బు కట్టినట్లా కట్టనట్లా అని విచారించుకోవాలి. సొమ్ము తిరిగి ఇమ్మని అర్జీ పెట్టేవానికి ఈ భేదం ఎంత ముఖ్యమో చెప్పనక్కర లేదు.

‘వుడ్ హావ్’ షరతుతో కూడినది. ‘నీవు పిలిచి ఉంటే అతడు వచ్చి ఉండేవాడు’ అనడానికి ‘ఇఫ్ యూ హాడ్ కాల్డ్ హిమ్, హి వుడ్ హావ్ కమ్’ అంటారు. నీవు పిలవలేదు, అతడు రాలేదు. ‘ఇఫ్’ ఉన్న భాగంలో కూడా ‘వుడ్ హావ్’ చేర్చడం అమెరికా సంభాషణలో వినబడుతుంది కాని, వ్రాతలో దానిని సాధువుగా అంగీకరించరు. ఇక్కడ భాషాభిమానులకు ముచ్చట గొలిపే సంగతి ఒకటి ఉన్నది. తెలుగులో ‘వచ్చేవాడు’ అన్న రూపం ‘పిలిస్తే వచ్చేవాడు’ అని జరగని పనికీ వాడతాము. ‘ప్రతి శుక్రవారం ఇక్కడికి వచ్చేవాడు’ అని గతంలోని అలవాటుకూ వాడతాము. ఉర్దూలో ‘బులాతే తో ఆతా’ అనేది జరగని పని. ‘హర్ జుమే కో ఆతా థా’ అనేది అలవాటు. ‘ఆతా’ రెండింటికీ సమానమే. ఆంగ్లంలో ‘హి వుడ్ కమ్ ఎవ్రీ ఫ్రైడే’ అన్నప్పుడు ‘వుడ్’ అలవాటును చెపుతుంది. ఆంగ్లమూ ఉర్దూ ఒకే ఆదిభాషా కుటుంబానికి చెందినవి. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది. అయినా పాత అలవాటుకూ నెరవేరని కోరికకూ మూడు భాషలూ ఒకే తొడుగును తొడిగాయి. ఆంగ్లంలో మాత్రం ‘హావ్’ చేరిన తరువాత అలవాటు అన్న అర్థం తొలగిపోయి, జరగని పని ఒక్కటే మిగులుతుంది.

‘మే హావ్’, ‘మైట్ హావ్’ అనే వాటిని నేటి పత్రికలు కలగాపులగం చేస్తున్నాయి. ఏమి జరిగిందో ఇంకా తెలియనప్పుడు రెండూ చెల్లుతాయి. ‘మైట్’లో సందేహం ఒక పాలు ఎక్కువ. కాని ఫలితం తెలిసిపోయిన తరువాత ‘మే హావ్’ పనికిరాదన్నది జాగ్రత్తగా వ్రాసేవారి సంప్రదాయం. పడవ మునిగిందన్న వార్త విని ‘హి మే హావ్ డ్రౌన్డ్’ అంటే అతని గతి ఏమైనదో ఎవరికీ తెలియదు. ఇంటివారు ఇంకా ఎదురుచూస్తున్నారు. ‘హి మైట్ హావ్ డ్రౌన్డ్’ అన్నది ఒడ్డుకు చేరినవానిని చూచి, త్రుటిలో తప్పింది అని నిట్టూర్చేటప్పుడు కూడా అనదగిన మాట. అట్లే సకాలంలో వైద్యం అందక మరణించిన వానిని గురించి ‘హి మైట్ హావ్ లివ్డ్’ అనాలి. అక్కడ ‘మే హావ్ లివ్డ్’ అని వ్రాస్తే అతడు బ్రతికి ఉన్నాడేమో అన్న ఆశను కలిగిస్తుంది. ఈ భేదాన్ని పాటించడం చాదస్తమని కొందరు అనవచ్చు. ప్రాణానికి సంబంధించిన వార్తలో ఈపాటి చాదస్తం ఉండవలసిందేనని నా అభిప్రాయం.

ఇక ‘మస్ట్ హావ్’. దీని ప్రయోగాలలో ఒకదానిని మనం ప్రవేశ ప్రకటనలలో ఏటేటా చూస్తూనే ఉంటాము. ‘క్యాండిడేట్స్ మస్ట్ హావ్ పాస్డ్ ది ఇంటర్మీడియేట్ ఎగ్జామినేషన్’ అన్న వాక్యంలో ఊహ లేదు, నియమం ఉన్నది: అభ్యర్థులు ఉత్తీర్ణులై ఉండాలి. అదే వాక్యం ఒక స్నేహితుని ముఖంలో సంతోషాన్ని చూచి ‘యూ మస్ట్ హావ్ పాస్డ్’ అన్నప్పుడు ఊహ. తెలుగులోని ‘ఉండాలి’కి కూడా సరిగ్గా ఈ రెండు అర్థాలే ఉండడం వల్ల తెలుగు విద్యార్థికి ఇక్కడ శ్రమ లేదు, సందర్భం చూచుకొంటే చాలును. నిషేధార్థంలో మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. ‘అతడు తిని ఉండడు’ అనడానికి బ్రిటిష్ సంప్రదాయంలో ‘హి కాంట్ హావ్ ఈటెన్’ అంటారు. ‘మస్ట్ నాట్ హావ్ ఈటెన్’ అమెరికా వాడుక.

అసలైన చిక్కు ఊహ యొక్క బలాన్ని తూచడంలో ఉన్నది. తెలుగులో ‘వచ్చి ఉండవచ్చు’, ‘వచ్చి ఉంటాడు’, ‘వచ్చి ఉండాలి’ అని మూడు మెట్లున్నాయి. మొదటిది అవకాశం మాత్రమే. రెండవది సహజమైన నమ్మకం. మూడవది ఆధారం చూచి చేసిన నిర్ధారణ. ‘చెప్పులు గడప ముందున్నాయి, వచ్చి ఉండాలి’ అన్నట్లు. ఉర్దూలో మొదటి మెట్టుకు ‘షాయద్ ఆయా హో’, రెండవ దానికి ‘ఆయా హోగా’, మూడవ దానికి ‘జరూర్ ఆయా హోగా’ అంటారు. ఆంగ్లంలో మొదటిది ‘మే హావ్ కమ్’, మూడవది ‘మస్ట్ హావ్ కమ్’. మధ్య మెట్టుకు నిజమైన సమానార్థకం ‘విల్ హావ్ కమ్’. గమనించండి: ఉర్దూ ‘హోగా’ భవిష్యద్రూపం, ఆంగ్ల ‘విల్’ భవిష్యద్రూపం, తెలుగు ‘ఉంటాడు’ కూడా భవిష్యత్తుకు వాడే రూపమే. జరిగిపోయిన దానిని ఊహించడానికి మూడు భాషలూ రాబోయే కాలపు క్రియను అరువు తెచ్చుకొన్నాయి! కాని ‘విల్ హావ్’ను ఈ అర్థంలో వాడడం మనవారికి అలవాటు కాలేదు. పాఠాలలో ‘ఆయా హోగా’కు ఒక చోట ‘మస్ట్ హావ్ కమ్’ అనీ, ఒక చోట ‘మే హావ్ కమ్’ అనీ చెపుతారు. అనువాదకుడు తనకు తోచిన దానిని ఎన్నుకొంటాడు. మధ్య మెట్టు మీద నిలిచిన మనిషిని ఒక మెట్టు పైకో, ఒక మెట్టు క్రిందికో నెట్టివేస్తాడు.

ఇది వ్యాకరణ పండితుల కాలక్షేపం కాదని మన అత్యున్నత న్యాయస్థానం తీర్పులు చెప్పుచున్నవి. 1957లో సర్వన్ సింగ్ కేసులో న్యాయస్థానం, ‘మే బి ట్రూ’ అన్నదానికీ ‘మస్ట్ బి ట్రూ’ అన్నదానికీ నడుమ ఎంతో దూరమున్నదనీ, ఆ దూరమంతా నమ్మదగిన సాక్ష్యంతోనే నడవాలనీ స్పష్టపరచింది. 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో, నిందితుడు దోషి ‘కావచ్చు’ అన్నది చాలదు, దోషి ‘అయి తీరాలి’ అన్న నిశ్చయం ఉంటేనే శిక్షించవలెనని చెప్పింది. 1984లో శరద్ బిర్ధిచంద్ సార్దా కేసు విచారణకు వచ్చింది. భార్య విషం వల్ల మరణించగా భర్తకు సెషన్స్ న్యాయస్థానం మరణశిక్ష విధించింది. బొంబాయి హైకోర్టు దానిని ధ్రువపరచింది. ప్రత్యక్ష సాక్షులు లేరు, పరిస్థితులే ఆధారం. ఆ తీర్పులో న్యాయమూర్తులు ‘మే బి’కీ ‘మస్ట్ బి’కీ ఉన్న భేదం వ్యాకరణానికి సంబంధించినది మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించినది కూడా అని గుర్తుచేశారు. పరిస్థితులు నిందితుని దోషిత్వం తప్ప మరొక దానిని సూచించని విధంగా ఉండాలన్నారు. అతనిని విడుదల చేశారు. రెండు చిన్న సహాయక క్రియల నడుమ ఉన్న దూరంలో ఒక మనిషి మెడ ఉరిత్రాటి నుండి తప్పింది.

మన ప్రాంతపు న్యాయస్థానాలలో సాక్షి తెలుగులోనో ఉర్దూలోనో పలికిన మాట ఆంగ్లంలో కాగితానికి ఎక్కడం కద్దు. పై న్యాయస్థానం చదివేది ఆ కాగితాన్నే. సాక్షి కంఠంలోని తడబాటు అక్కడ వినబడదు. ‘ఆ రాత్రి అతడు అక్కడికి వచ్చి ఉంటాడు’ అని సాక్షి అన్నాడనుకొనండి. దానిని ‘హి మస్ట్ హావ్ కమ్ దేర్’ అని వ్రాస్తే సాక్షికి లేని నిశ్చయాన్ని అతని నోట పెట్టినట్లు. ‘హి మే హావ్ కమ్’ అంటే అతనికి ఉన్న నమ్మకాన్ని కొంత తగ్గించినట్లు. ‘హి హాడ్ కమ్’ అని వ్రాసేవారూ లేకపోలేదు. అది అన్నిటికంటె ఘోరం, ఊహను కన్నులారా చూచిన సంగతిగా మార్చివేస్తుంది కనుక. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్నది; దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్నది. చూచినవాడు చూచిన దానిని చెప్పాలి. ఊహించినవాడు ఊహించినట్లుగానే కాగితం మీద కనిపించకపోతే ఆ నియమానికి అర్థమే లేదు.

అందుచేత, రేపు న్యాయవాదులుగానో, అనువాదకులుగానో, పత్రికా విలేఖరులుగానో పనిచేయబోయే మన విద్యార్థులకు ఒక అభ్యాసాన్ని సూచిస్తున్నాను. ‘హావ్’ చేరిన వాక్యాన్ని వ్రాసే ముందు రెండు ప్రశ్నలు వేసుకొనండి. పని జరిగిందా? అది వక్తకు ఎట్లా తెలిసింది? జరగలేదని తెలిసినచో ‘షుడ్ హావ్’, ‘కుడ్ హావ్’, ‘వుడ్ హావ్’లలో భావానికి తగినది ఎన్నుకొనవచ్చు. జరిగిందని తెలిసి, అనవసరమన్న భావముంటే ‘నీడ్ నాట్ హావ్’. తెలియక ఊహిస్తున్నచో ఆ ఊహ ఏ మెట్టు మీద ఉన్నదో చూచుకోవాలి. మధ్య మెట్టు మీద ఉన్న ‘వచ్చి ఉంటాడు’కు, ‘ఆయా హోగా’కు ‘విల్ హావ్’ కృతకంగా తోచినట్లయితే సహాయక క్రియను వదిలివేసి ‘ఐ బిలీవ్ హి హాడ్ కమ్, బట్ ఐ డిడ్ నాట్ సీ హిమ్’ అని నాలుగు మాటలు ఎక్కువగా వ్రాయండి. అయితే ‘చూడలేదు’ అన్న మాటను సాక్షిని అడిగి తెలుసుకొన్న తరువాతనే చేర్చాలి. అతడు చెప్పనిచో ‘ఐ బిలీవ్’ వద్దనే ఆగిపోవాలి.